అరకు రివ్యూ – తిరుపతి నుంచి పోయేవాళ్ళు ఒక్క రోజు ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు

తిరుపతిలో ఎవరిని అడిగినా వైజాగ్ టూర్ అంటే ఒకటే ప్లాన్ చెప్తారు. ఒక రోజు బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్, సింహాచలం, మరుసటి రోజు పొద్దున్నే లేచి అరకు, రాత్రికి మళ్ళా వైజాగ్, తెల్లారితే ఇంటికి రైలు. ట్రావెల్స్ వాళ్ళ పాంప్లెట్లలో కూడా ఇదే ఉంటాది. నేను అట్లాంటి ప్యాకేజీలోనూ పోయాను, తర్వాత మా ఇంటోళ్ళతో సొంతంగా ప్లాన్ వేసుకుని కొండ మీదనే రాత్రులు ఉండి కూడా చూశాను. ఆ రెండిటికీ పొంతనే లేదు. ప్యాకేజీకి ఐదుకి రెండు ఇస్తా, అరకుకి ఐదుకి ఐదూ ఇస్తా. ఎందుకో రాస్తున్నా, కొంచెం పెద్దదే, టూర్ అనుకుంటున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

ముందు దూరం సంగతి. తిరుపతి నుంచి వైజాగ్ రైల్లో దాదాపు 760 కిలోమీటర్లు, ఆడ నుంచి అరకు ఇంకో 115 కిలోమీటర్ల దాకా. మనం సాయంత్రం రైలెక్కితే వైజాగ్‌లో దిగేసరికి బాగా పొద్దెక్కి ఉంటాది, అరకు పోయే కిరండూల్ రైలేమో పొద్దున్నే ఏడు లోపలే కదిలిపోతాది, కాబట్టి ఎట్లాగూ ఒక రాత్రి వైజాగ్‌లో పడుకోవాల్సిందే. ఇంత దూరం పిల్లోళ్ళని, పెద్దోళ్ళని వెంటేసుకుని పోయి అరకులో గడిపేది ఒక్క పూట అంటే ఎంత అన్యాయమో మీరే చెప్పండి. ఇంకో మాట, ఉత్త చల్లదనం కోసమే అయితే అంత దూరం పోనక్కర్లేదు, మన మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, అరకు లోయ అయితే 900 మీటర్ల పైచిలుకు అంతే. జలపాతం కోసమైతే తలకోన ఉంది, 270 అడుగులు. అరకు పోవాల్సింది వీటి కోసం కాదని నా గట్టి అభిప్రాయం. ఆ కొండల్లో ఉండే జనం, వాళ్ళ సంతలు, కాఫీ తోటలు, ఊర్ల మధ్యన పోయే ఆ దార్లు, ఇవి చూడడానికి పోవాల. ప్యాకేజీ బస్సు ఆపని చోట్లు కూడా సరిగ్గా ఇవే.

రైలు ప్రయాణం మటుకు ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోవద్దు. కొత్తవలస–కిరండూల్ లైను ఇది, బైలడిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి దించడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేశారు. ఇప్పటికీ ఖనిజం మోసే గూడ్సులు ఎదురు వస్తానే ఉంటాయి, వాటి కోసం మన బండిని ఆపితే విసుక్కోవద్దు, ఆ లైను పుట్టిందే వాటి కోసం. మొత్తం లైన్లో 58 సొరంగాలు ఉన్నాయి. శృంగవరపుకోట దాటినాక కొండ ఎక్కడం మొదలైందంటే ఒక్కో సొరంగంలో దూరినప్పుడల్లా బోగీలో పిల్లోళ్ళ కేకలు, బయటికి రాగానే ఒక పక్క లోయ, ఎక్కడో కింద మనం దాటొచ్చిన పట్టాలు కనిపిస్తాయి, మా అత్త అయితే ఆ పట్టాలు చూసి ఇంత పైకి ఎప్పుడు ఎక్కేశాం అని నోరెళ్ళబెట్టింది. అరకుకి ముందు శిమిలిగూడ స్టేషన్ వస్తాది, 996 మీటర్ల ఎత్తు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్ గేజ్ స్టేషన్లలో ఇదే అన్నిటికన్నా ఎత్తైనది.

అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017లో మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి బాగుంటాది, సీట్లు తిరుగుతాయి, పైకప్పు కూడా అద్దమే. నాకైతే మామూలు పెట్టెలో కిటికీ తీసుకుని కూర్చోవడమే నచ్చింది, ఆ గాలి, ఆ తడి మట్టి వాసన అద్దం వెనకాల రాదు కదా. కాకపోతే డిసెంబర్, జనవరిలో రిజర్వేషన్ లేకుండా జనరల్‌లో ఎక్కద్దు, కాలు పెట్టే సందు ఉండదు. టికెట్లు బుకింగ్ తెరిచిన రోజుల్లోనే చేసుకోండి.

పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు, ఇట్లా పెట్టుకుంటే రెండూ చూసినట్టు ఉంటాది. సొంత కారులో పోయే మన తిరుపతి వాళ్ళకి ఒక హెచ్చరిక. మనకి తిరుమల ఘాట్ అలవాటు, ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకో రోడ్డు, మలుపులో ఎదురుగా బండి వస్తాదనే భయమే ఉండదు. అనంతగిరి ఘాట్‌లో అట్లా కాదు, ఎక్కేదీ దిగేదీ ఒకటే రోడ్డు, ఆర్టీసీ బస్సులు, లారీలు ఎదురొస్తాయి, పొగమంచు పడితే ముందు బండి లైట్లు కూడా కనపడవు. ప్రతి మలుపులో హారన్ కొట్టాల, ఓవర్‌టేక్ జోలికి పోవద్దు, చీకటి పడినాక ఘాట్ దిగద్దు. తిరుమల రోడ్డు మీద ఎన్నేళ్ళు నడిపినా సరే, ఈ ఘాట్‌ని కొత్త రోడ్డు మాదిరే చూడండి.

బొర్రా గుహల దగ్గరికి వస్తా. ప్యాకేజీలో బాగున్నది ఇదొక్కటే, అదీ గంట టైమిచ్చి తరిమారు. సున్నపురాయి కొండలో వేల వేల ఏండ్లు నీళ్ళు ఇంకి, రాయి కరిగి ఏర్పడిన గుహలు ఇవి, లోపలికి దిగుతుంటే పైకప్పు ఎక్కడ ఉందో తెలియనంత ఎత్తు. పై నుంచి బొట్టు బొట్టుగా కారే నీళ్ళలోని సున్నం పేరుకుని పైన వేలాడే రాళ్ళు, కింద మొలిచిన రాళ్ళు, కొన్ని చోట్ల రెండూ కలిసిపోయి స్తంభాలు అయ్యాయి, పొంగిన పాలు పొంగినట్టే గడ్డకట్టి నిలబడిపోయినట్టు ఉంటాయి. గైడు టార్చిలైటు వేసి ఇది ఏనుగు, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తా పోతాడు. లోపల శివలింగం ఉంది, చుట్టుపక్కల ఊర్ల గిరిజనులు శివరాత్రికి పెద్ద ఎత్తున వస్తారు. గోస్తనీ నది పుట్టేదీ ఈ ప్రాంతంలోనే. రంగు రంగుల లైట్లు పెట్టారు, కొంతమందికి అవి నచ్చుతాయి, నాకైతే రాయి అసలు రంగు కనపడనీకుండా చేస్తున్నాయి అనిపించింది, లైట్లు తక్కువ ఉన్న మూలల్లో నిలబడి చూస్తేనే ఆ రాయి అందం తెలుస్తాది.

మెట్లు బాగా ఉన్నాయి, దిగడం సులువే, ఎక్కేటప్పుడు తెలుస్తాది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్త కొంత దూరం దిగి, మొదటి పెద్ద హాలు చూసి, ఆడనే కూర్చుంది, అంతవరకు చూసినా చాలు, అసలు విశేషం ఆ మొదటి హాల్లోనే ఉంది. లోపల తడి, చెప్పులు జారేవి వేసుకోవద్దు. బయట కోతులు ఉంటాయి, చేతిలో కవర్లు పట్టుకోవద్దు, ఈ విషయంలో మన తిరుపతి వాళ్ళకి కొత్తగా చెప్పే పని లేదు. కటికి జలపాతం బొర్రా దగ్గర నుంచే జీపులో పోయి కొంత నడవాల, దారి ఘోరం, గతుకుల్లో నడుము పట్టేస్తాది, వయసులో ఉన్నవాళ్ళు పోండి, వానాకాలం అయిపోగానే అయితే నీళ్ళు బాగుంటాయి.

పద్మాపురం తోట, 1942 నాటిది, యుద్ధం టైములో సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అంటారు. ఇప్పుడు పూలమొక్కలు, బుల్లి రైలు, చెట్ల మీద గుడిసెలు. పిల్లోళ్ళు ఉంటే గంట, లేకపోతే అరగంట చాలు.

గిరిజన మ్యూజియం మాత్రం తొందరగా చూసేది కాదు. ప్యాకేజీ వాళ్ళు ఇరవై నిమిషాలు అన్నారు, ఆ ఇరవై నిమిషాల్లో జనం బొమ్మల పక్కన నిలబడి ఫోటోలు దిగి వచ్చేశారు. నిదానంగా చూస్తే వాళ్ళ పెళ్ళిళ్ళు, వంటసామాన్లు, వేట సామాన్లు, నగలు, వాయిద్యాలు, అందరూ కలిసి వరసగా ఆడే థింసా ఆట, అన్నీ మనిషంత బొమ్మలతో పెట్టారు. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోరజ, గదబ, ఇట్లా ఎన్ని తెగలు ఉన్నాయో, ఒక్కో తెగకి ఎట్లాంటి పద్ధతులు ఉన్నాయో ఇక్కడ కొంత అర్థమైతే తర్వాత సంతకి పోయినప్పుడు చూసే చూపు మారుతాది. అందుకే నా సలహా, అరకులో దిగిన రోజే ముందు మ్యూజియం చూడండి, మిగతావి తర్వాత. పక్కనే కాఫీ మ్యూజియం ఉంది, అదీ బాగుంది.

ఇంక సంత. అరకు చుట్టుపక్కల ఒక్కో ఊర్లో వారంలో ఒక్కో రోజు సంత జరుగుతాది, మీరు పోయే రోజుల్లో ఎక్కడ సంత ఉందో మీరు దిగిన చోట అడిగితే చెప్తారు, దాన్నిబట్టే మిగతా ప్లాన్ మార్చుకోండి. పొద్దున్నే కొండ దిగి నెత్తిన బుట్టలతో ఆడవాళ్ళు వరసగా వస్తా ఉంటారు, పసుపు, మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, చింతపండు, కొండ చీపుర్లు, అడ్డాకులు, రాజ్మా, సామలు, చోళ్ళు అంటే మన రాగులే, సీజన్‌ని బట్టి సీతాఫలాలు, అనాస, పనస. కొంతమంది కొంచెం సరుకే తెచ్చుకుని కుప్పలు పోసుకుని కూర్చుంటారు, అది అమ్ముడుపోతేనే ఉప్పు, నూనె, ఎండు చేపలు, సబ్బులు కొనుక్కుని మళ్ళా కొండెక్కి పోతారు. అట్లాంటి ఆమె దగ్గర పది రూపాయల కోసం బేరమాడే టూరిస్టులని చూశాను, హోటల్లో మాత్రం బిల్లుకి మారు మాట్లాడకుండా కట్టేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. నేను పసుపు కొమ్ములు తీసుకుంటే ఆ పెద్దామె చేత్తో ఇంకో గుప్పెడు పైన వేసి ఉంచమ్మా అనింది. ఆ పసుపు దంచితే ఇల్లంతా వాసన, బజార్లో పొడి కొనడం మానేశాం.

ఈ బేరాల సంగతి ఈనాటిది కాదు. కింద నుంచి వచ్చే షావుకార్లు, వడ్డీ వ్యాపారులు వాళ్ళని తూకంలో, ధరలో ముంచుతున్నారనే 1956లో గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటాం కదా, అది పెట్టారు. అడవిలో సేకరించిన తేనె, చింతపండు, కుంకుళ్ళు లాంటివి వాళ్ళ దగ్గర కొని అమ్ముతాది. భూమికి కూడా అట్లాగే చట్టం ఉంది, 1970లో వచ్చిన 1/70, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే అరకు లాంటి గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనేతరుల పేరు మీదకి మారడం చెల్లదు. ఇదంతా టూర్ రివ్యూలో ఎందుకు అంటారేమో, మనం పెట్టే డబ్బు ఎవరి చేతికి పోతుందో తెలియడానికి ఇది తెలిసుండాల. రూమ్ తీసుకునేటప్పుడు స్థానిక గిరిజన కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలు ఏమున్నాయో అడగండి, లేదంటే టూరిజం శాఖ వాళ్ళ హరిత రిసార్టులు ఉన్నాయి. మేము ఉన్న హోమ్‌స్టేలో టీవీ లేదు, వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో ఇచ్చేవాళ్ళు, రాత్రి చలికి రెండు రగ్గులు కప్పుకున్నా కాళ్ళు వణికేవి. అయినా ఆ ఇంటామె పెట్టిన అన్నం, కొండ కందులతో పప్పు, పొద్దున అంబలి, మా అత్త రాగి సంగటి తినే మనిషి, ఆ అంబలి గ్లాసు పట్టుకుని ఆమెతో గంటలు గంటలు మాట్లాడుతా కూర్చుంది. యాస వేరే అయినా ఇద్దరికీ చేను, పంట, కోడళ్ళు, అన్నీ ఒకటే మాటలు.

కాఫీ తోటలు రోడ్డు మీద బండి ఆపి నాలుగు ఫోటోలు తీసుకుంటే చూసినట్టు కాదు. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకుని మిరియాల తీగెలు, ఒకే నేలలో రెండు పంటలు. నవంబర్ నుంచి జనవరి దాకా కాయలు ఎర్రబడతాయి, ఎర్రగా పండినవే చూసుకుని చేత్తో కోస్తారు, పచ్చివి కోస్తే రుచి చెడిపోతాది, అందుకే ఒకే చెట్టు దగ్గరికి మళ్ళా మళ్ళా వస్తారు. తర్వాత పైతోలు తీసి, కడిగి, కళ్ళాల్లో ఎండబెడతారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు, జీఐ ట్యాగ్ వచ్చింది. తోటలో పని చేస్తున్నవాళ్ళని అడిగి లోపలికి పోండి, కాయలు తెంపద్దు, కొమ్మలు వంచి సెల్ఫీలు తీసుకోవద్దు, అది ఒకరి ఏడాది కష్టం. సుంకరమెట్ట దగ్గర తోటల మధ్యన చెక్క నడకదారి వేశారు, పొద్దున్నే పోతే బాగుంటాది, పదకొండు తర్వాత జాతరే. అక్టోబర్ ఆఖరు, నవంబర్‌లో పోతే వలిసె పూల చేలు పసుపు పచ్చగా కొండల దాకా పరుచుకుని ఉంటాయి, అది చూడాలంటే ఆ నెలే పోవాల.

థింసా ఆట గురించి. రిసార్టుల్లో రాత్రిపూట టూరిస్టుల కోసం వేయిస్తారు. ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా, డప్పు వాయిద్యానికి తగ్గట్టు అడుగు వేస్తా గుండ్రంగా తిరుగుతారు, ఆ అడుగు కలిసే తీరు చూస్తే ఒళ్ళు పులకరిస్తాది. బాధేమంటే, మన జనం మధ్యలో దూరి సినిమా స్టెప్పులు వేస్తారు, ఆడేవాళ్ళు ఏమీ అనలేక నవ్వుతా ఊరుకుంటారు. అది వాళ్ళు పెళ్ళిళ్ళకి, చైత్రమాసం పండగలకి ఆడుకునే ఆట. వాళ్ళు పిలిస్తే కలవండి, ఆ అడుగే నేర్చుకుని వేయండి. దారిలో కనపడిన ఆడవాళ్ళని అడక్కుండా ఫోటోలు తీయడం కూడా అట్లాంటిదే, మన వీధిలో ఎవరో కారు ఆపి మన అమ్మ ఫోటో తీస్తే ఊరుకుంటామా?

తిండిలో బొంగు చికెన్ తినాల్సిందే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన చికెన్ కూరి, ఆకులతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు, చుక్క నూనె పోయరు, ఆ వెదురు తేమతోనే ఉడుకుతాది. రోడ్డు పక్కన ముందే కాల్చి పెట్టినవి తీసుకోవద్దు, మన ముందరే బొంగులో కూరమనండి, ముప్పావు గంట పట్టినా పర్లేదు. మన కారానికి అలవాటు పడినవాళ్ళకి కొంచెం చప్పగా అనిపించచ్చు, ముందే చెప్పి కారం వేయించుకోండి. మా ఆయన అయితే చప్పగా ఉన్నదే బాగుంది, కోడి రుచి తెలుస్తాంది అన్నాడు.

చాపరాయి డుంబ్రిగూడ దగ్గర, బండల మీద జారుతా పోయే నీళ్ళు, చూడ్డానికి నెమ్మదిగా కనిపిస్తాది కానీ పాచి పట్టిన బండ, జారితే ఆగరు, పిల్లోళ్ళ చెయ్యి వదలద్దు.

వంజంగి, లంబసింగి రెండూ అరకు పక్కనే అనుకుంటారు మనవాళ్ళు. కాదు. వంజంగి పాడేరు దగ్గర, లంబసింగి ఇంకా అవతల చింతపల్లి వైపు. 2022లో జిల్లాలు మార్చినాక ఇవన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి, పాడేరు జిల్లా కేంద్రం. వంజంగి మేఘాల కొండ చూడాలంటే రాత్రి పాడేరులో ఉండి, తెల్లవారక ముందే చీకట్లో బయలుదేరి, ఆఖరి మిట్ట నడిచి ఎక్కాల. సూర్యుడు పైకి వచ్చేటప్పుడు కింద లోయంతా తెల్లగా మబ్బులు, కొండల తలలు మాత్రం పైకి కనిపిస్తాయి, మాటల్లో చెప్పేది కాదు. మబ్బులు ప్రతి రోజూ ఉంటాయని గ్యారంటీ లేదు, నవంబర్ నుంచి జనవరి మంచి టైము. కానీ ఆ కొండ మీద చూసిన ప్లాస్టిక్ చూస్తే ఏడుపు వచ్చింది, వాటర్ బాటిళ్ళు, చిప్స్ కవర్లు, కప్ నూడుల్స్ డబ్బాలు. మనం తిరుమలకి పోయేటప్పుడు ప్లాస్టిక్ బాటిల్ వద్దంటే స్టీలు సీసా, రాగి సీసా పట్టుకుని పోతున్నాం కదా, ఆ సీసాలే వంజంగికీ పట్టుకుపోండి, చెత్త సంచిలో వేసుకుని కిందకి తెచ్చేయండి. ఏడు కొండలకి ఇచ్చే మర్యాద ఆ కొండకీ ఇవ్వాల.

లంబసింగి డిసెంబర్, జనవరిలో గడ్డకట్టే చలి, స్ట్రాబెర్రీ తోటలు, తాజంగి చెరువు ఉన్నాయి, ఆ దారిలోనే చింతపల్లి వస్తాది, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు మొట్టమొదట దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఆ ఊర్లోదే, పిల్లోళ్ళకి తప్పకుండా చెప్పండి. అరకు, లంబసింగి ఒకే రోజు చూపిస్తాం అనే డ్రైవర్లని నమ్మద్దు, రోజంతా బండిలోనే అయిపోతాది.

పెద్దవాళ్ళు నడవలేరు, సెలవు ఒక్క రోజే ఉంది అనేవాళ్ళకి ప్యాకేజీ తప్పదు, అట్లాంటివాళ్ళు కనీసం భోజనం దగ్గర, షాపింగ్ దగ్గర ఎంతసేపు ఆపుతారో ముందే అడగండి. మమ్మల్ని తీసుకుపోయినవాళ్ళు బొర్రాకి గంట ఇచ్చి, వాళ్ళకి తెలిసిన చాక్లెట్ల కొట్టు దగ్గర మాత్రం తీరిగ్గా ఆపారు. మిగతా అందరూ అరకులో రెండు రాత్రులు, వీలైతే పాడేరులో ఒక రాత్రి పెట్టుకోండి. స్వెటర్లు, ఫుల్ చేతుల చొక్కాలు, ఒడోమాస్ తప్పనిసరి, ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, మలేరియా ఉంది. సెల్ సిగ్నల్ చాలా చోట్ల అందదు, సంతలో ఫోన్ పే కుదరకపోవచ్చు, చిల్లర నోట్లు పెట్టుకోండి. కాఫీ పొడి, తేనె రోడ్డు పక్కన లేబుల్ లేనివి కాకుండా జీసీసీ షాపులో తీసుకోండి. మనకి చికోరీ కలిసిన డికాషన్ అలవాటు కాబట్టి ప్యాకెట్ మీద చికోరీ ఉందా లేదా చూసుకుని, లేనిదైతే ఫిల్టర్‌లో ఎప్పుడూ వేసే దానికన్నా ఒక చెంచా జాస్తి వేయండి.